రాజుగారి వంక చూడని ఆవులు

పాడికి పేరుపడ్డ ఒకానొక రాజ్యాన్ని రణధీరమల్లుడనే రాజుగారు ఏలేవారు. మనిషి మంచివారే, కాదనను. కాకపోతే ఆయన కనబడగానే లోకమంతా చేస్తున్న పని ఆపి ఆయన వంకే చూడాలి. చూడకపోతే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆ రాజ్యంలోనే ఎర్రక్క అని, బట్ట మీద బొమ్మలు రాసే ఆవిడ ఉండేది. ఆవిడ చేతికి ఎంత పేరో నోటికీ అంత పేరు. నా అంత బాగా రాసేవాళ్ళుంటే తీసుకురండి, వాళ్ళకు రంగులు నేనే నూరిపెడతాను అనేది. ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదు.

రాజుగారు కొత్త సభామండపం కట్టించి, గోడకు వేలాడదీయడానికి పెద్ద పటం రాయమన్నారు. ఎర్రక్క తాను పుట్టిపెరిగిన కొండకింది పచ్చిక బయలు రాసింది. వాన వెలిసిన గడ్డి, తలలు వంచి మేసే ఆవులు, తల్లి పొదుగు కుమ్మే లేగ, కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డ గొల్లవాడు. రాయడం అయ్యాక తన పటాన్ని తానే కళ్ళారా చూసుకుని, ఇక చచ్చిపోయినా ఫరవాలేదనుకుంది.

బొమ్మల కళ్ళు మాత్రం పెట్టలేదు. పటాలు రాసేవాళ్ళ ఆచారం అది. కళ్ళు అన్నిటికన్నా చివర, రాయించుకున్నవారి ఎదుట పెట్టాలి. పెట్టాక ఇక ఆ పటం మీద ఎవరి కుంచె కూడా పడకూడదు.

సభలో పటం విప్పగానే అందరూ ఆహా అన్నారు. రాజుగారు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరదాకా వెతికి, ఇందులో నేనెక్కడ అని అడిగారు.

"మీరు లేరు ప్రభూ. ఆవులున్నాయి" అంది ఎర్రక్క.

రాజుగారి మొహం మాడిపోయింది. రాజ్యం నాది, గడ్డి నాది, గోడ నాది, నేను లేకపోవడమేమిటన్నారు. నట్టనడుమ కొండకన్నా ఎత్తుగా, ఏనుగు మీద తనను రాయాలి, అందరూ తన వంకే చూస్తుండాలి. ఎర్రక్కకు చేతకాకపోతే ఆస్థాన చిత్రకారుడు రాస్తాడు, కళ్ళింకా పెట్టలేదు గదా! ఆ మహానుభావుడు అప్పుడే కుంచె తడుపుకుంటున్నాడు.

ఎర్రక్క ఆ కుంచె వంక చూసింది. వాడి చెయ్యి పడితే తన పచ్చిక కాస్తా బురదగుంట అయిపోతుంది. కాదన్నా పటం పోతుంది, ఔనన్నా పోతుంది. కాసేపు ఆలోచించి, ఈ మాత్రానికి ఆయనకెందుకు శ్రమ, నేనే రాస్తాను, తెర కట్టించండి అంది.

సాయంత్రం తెర తీశారు. నడుమ తెల్లటి ఏనుగు, దాని మీద నల్లటి మీసంతో రాజుగారు. ఆవులకు కళ్ళు కూడా వచ్చాయి. రాజుగారు మురిసిపోతూ దగ్గరికి వచ్చి, అక్కడే ఆగిపోయారు.

ఒక్క ఆవూ మేయడం లేదు. తలలు వంగే ఉన్నాయి గానీ, కనుగుడ్లన్నీ ఓరగా ఏనుగు వైపు తిరిగి ఉన్నాయి. లేగ పాలు మరిచిపోయింది. గొల్లవాడు కర్ర పారేసి పరుగు లంకించుకునేట్టున్నాడు. పొద్దున చల్లగా ఉన్న బయలు ఇప్పుడు పులి వచ్చినట్టుంది.

"బంగారంలాంటి పటాన్ని ఇలా పాడుచేశావేమిటి?" అన్నారు రాజుగారు.

"ఆవుల్ని నేను కదపలేదు ప్రభూ, కళ్ళు పెట్టానంతే. అందరూ మీ వంకే చూడాలన్నారు గదా, చూస్తున్నాయి. ఇక మేత ఎక్కడిది?"

రాజుగారు ఆవుల కళ్ళను మరోసారి చూశారు. తరువాత గొంతు తగ్గించి అడిగారు. "మరి నేనెక్కడుంటే మేస్తాయి?"

"ఇప్పుడు నిలబడ్డారే, అక్కడ. పటం బయట. కాచేవారున్నారన్న ధీమా ఉంటేనే గొడ్డు తల ఎత్తకుండా మేస్తుంది. నేను రాసింది ఆ ధీమానే. మీ బొమ్మ ఇంతకన్నా బాగా ఎవరూ రాయలేరు."

కళ్ళు పెట్టేశాక ఇప్పుడనుకుని ఏం లాభమని రాజుగారు నిట్టూర్చారు. ఎర్రక్క కొంగు తీసి పటాన్ని మెల్లగా దులిపింది. ఏనుగు పోయింది, రాజుగారు పోయారు, బెదురు చూపులూ పోయాయి. ఏనుగును సుద్దతో, మీసాన్నీ కళ్ళనూ బొగ్గుతో గీసింది మరి!

"నా పటం మీద నాకిష్టం లేని రంగు పడనిస్తానా ప్రభూ?" అంది.

రాజుగారు ముందు తెల్లబోయి, ఆపైన కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వారు. తన చేతి కంకణం తీసి ఎర్రక్క కుడిచేతికి తొడిగారు. ఆ చేత్తోనే ఆవిడ ఆయన ఎదుట కుంచె పట్టి కళ్ళు పెట్టింది, ఈసారి చూపులన్నీ గడ్డి మీదే.

ఆ తరువాత ఏ దేశపు రాజు వచ్చినా రణధీరమల్లుడుగారు ముందు ఆ గోడ దగ్గరికే తీసుకెళ్ళేవారు. పటానికెదురుగా ఠీవిగా నిలబడి, మీసం మెలేసి, "బాగా చూడండి, ఒక్క ఆవైనా నా వంక చూస్తోందా?" అని గర్వంగా అడిగేవారు.