అడుగున మిగిలింది

శేషుకుమారి, ముప్పై ఎనిమిదేళ్లు. సింకులో గిన్నె కనబడితే కడిగేదాకా నిలవలేదు.

ఇంట్లో అంతే, ల్యాబులోనూ అంతే. పన్నెండేళ్లు సంసారం చేసి, కూతుర్ని హైస్కూల్లో చేర్పించి, అప్పుడు పీహెచ్‌డీకి వచ్చింది. జీవరసాయన శాస్త్ర విభాగంలో, రెండో అంతస్తులో ఆఖరి గది. ఆమె వచ్చిన నెలకల్లా ఆ గదిలో గాజుసామాను తళతళలాడింది.

"అక్క వచ్చాక ల్యాబుకి కళ వచ్చింది" అన్నాడు భార్గవ్. అతను ఆమెకన్నా ఏడాది ముందు చేరిన పరిశోధక విద్యార్థి. కళ వచ్చాక తన ఫ్లాస్కులు తాను కడుక్కోవడం మానేశాడు.

"నీవి ఎలాగూ కడుగుతున్నావుగా అక్కా. ఈ నాలుగూ కూడా."

కడిగేది.

ఆమెకు వచ్చిన కష్టం అది కాదు. ఆమె ప్రోటీను రావడం లేదు.

ప్రోటీను అంటే కండలు పెంచే కుర్రాళ్లు పాలల్లో కలుపుకునే డబ్బా పొడి అని చాలామంది అనుకుంటారు. ఒంట్లో ప్రతి కణంలోనూ చాకిరీ చేసేవి అవే. ఊపిరిని మోసుకుపోయేది ఒకటి, తిన్నది అరిగించేది ఇంకొకటి, గాయమైతే నెత్తురు గడ్డకట్టించేది మరొకటి. ఎవరు ఏ పని చెయ్యాలో రాసిపెట్టి కూర్చునేది జన్యువు. పేపర్లో పేరు జన్యువుది, పని ప్రోటీన్లది. ఈ ఏర్పాటు మనకు కొత్తేమీ కాదు.

శేషుకుమారి వెతుకుతున్న ప్రోటీను పురుగుమందును విరగ్గొడుతుంది. ఆమెది మిరప పండే ఊరు. వాళ్లమ్మ ఇరవై ఏళ్లు మందు కొట్టిన చేలల్లో కాయలు కోసింది. చివరికి గ్లాసెడు నీళ్లు ఒలక్కుండా తాగలేకపోయేది, చేతులు అంతగా వణికేవి. పత్తిచేల మట్టిలో ఒక బాక్టీరియా ఆ మందునే తిని బతుకుతుందని, దానికి ఆ పని చేసిపెట్టేది ఒక ప్రోటీను అని చదివిన రోజునే శేషుకుమారి దరఖాస్తు పెట్టింది.

ఆ ప్రోటీను జన్యువును, సులువుగా పెరిగే మరో బాక్టీరియాలోకి ఎక్కించింది. అవి పెరిగాయి. వాటిని పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిరగిరా తిప్పితే పైన తేట నిలుస్తుంది, అడుగున మడ్డి పేరుకుంటుంది. ప్రోటీను తేటలో ఉండాలి. ఆ తేటను మందు కలిపిన నీళ్లలో వేస్తే, మందు విరిగి నీళ్లు పసుప్పచ్చగా మారాలి.

మారలేదు. ఎనిమిది నెలల్లో ముప్పైసార్లు చేసింది. ముప్పైసార్లూ నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

ఆమె గైడు ప్రొఫెసర్ ఎస్తేరు. అరవై ఒక్క ఏళ్ల మనిషి. విద్యార్థుల చేత మాట్లాడించేదే గాని తాను మాట్లాడేది తక్కువ. ప్రతి శుక్రవారం ఒకే ప్రశ్న.

"అంతా చూశావా?"

"చూశాను మేడమ్."

"సరే."

ఒక బుధవారం ఉత్తరం వచ్చింది. సోమవారం పదకొండింటికి సమీక్షా సంఘం ల్యాబుకి వస్తుంది. చూపించడానికి ఫలితం లేకపోతే శేషుకుమారి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ సంఘానికి పెద్ద, డీన్ వరదరాజు గారు. వరండాలో ఎదురుపడితే ఆయన దయగా అన్నాడు:

"ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తిప్పలు? ఇల్లు, పిల్ల ఉన్నాయి కదా. ఆ సీటు ఎవరైనా కుర్రాడికి పనికొస్తుంది."

దయగల మగవాళ్లతో వచ్చిన చిక్కే అది. తిట్టడానికి వీలుండదు.

ఆమె తిన్నగా ల్యాబుకి వచ్చి ముప్పై ఒకటోసారి చేసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. గొట్టాలు తీసుకుని సింకు దగ్గరికి వెళ్లి కుళాయి తిప్పింది. వెనక ఎస్తేరు వచ్చి నిలబడింది.

"నాకు చేతకాదేమో మేడమ్" అంది శేషుకుమారి, కడుగుతూనే.

ఎస్తేరు ఆమె చేతిలో మిగిలిన గొట్టాన్ని తీసుకుంది. దీపం వైపు ఎత్తి చూసింది.

"ఇదేమిటి?"

"అడుగు మడ్డి మేడమ్."

"ఎందుకు కడిగేస్తున్నావు?"

"భార్గవ్ నోటుబుక్కులో అలాగే ఉంది. తేట దాచు, మడ్డి పారెయ్యి అని."

"అది భార్గవ్ ప్రోటీను సంగతి." ఎస్తేరు గొట్టాన్ని తిరిగి ఆమె చేతిలో పెట్టింది. "అంతా చూశావా?"

ఈసారి శేషుకుమారి కుళాయి కట్టేసింది.

ఆ మడ్డిని చిటికెడు తీసి పరీక్షకు పెట్టింది. ఆ ప్రోటీను ఉంటే జెల్ పలక మీద దాని చోట నీలం గీత పడుతుంది. తేట పెట్టినచోట ఇన్నాళ్లూ వెంట్రుకంత గీతైనా పడలేదు. మడ్డి పెట్టినచోట బొటనవేలంత లావున పడింది.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ముప్పైసార్లూ వచ్చింది మేడమ్. ముప్పైసార్లూ నేనే కాలవలో పోశాను."

"ముప్పై ఒకటోది ఉందిగా" అంది ఎస్తేరు.

ఉంది గాని పనికిరాని స్థితిలో ఉంది. ప్రోటీను పుట్టేటప్పుడు పొడుగాటి గొలుసు. ఇరవై రకాల పూసలు ఒక వరుసలో గుచ్చినట్టు ఉంటుంది. ఆ గొలుసు తన పద్ధతిలో తాను ముడుచుకుని ఒక ఆకారానికి వస్తేనే పని చేస్తుంది. బాక్టీరియా చేత అరదినంలో అంతంత తయారు చేయించేసరికి, గొలుసులకు ముడుచుకునే తీరిక లేకపోయింది. ఒకదానికొకటి చిక్కుపడి ముద్దకట్టాయి. పూసలన్నీ ఉన్నాయి, వరుస తప్పలేదు. ఆకారం లేదు, కాబట్టి పనీ లేదు.

చిక్కు తియ్యడానికి యూరియా ఉంది. పొలంలో చల్లేదే, ఇంకా శుద్ధి చేసింది. గాఢంగా కలిపిన యూరియా నీళ్లలో మడ్డి కరిగి తేటపడింది. గొలుసులు విడివడ్డాయి. అయితే యూరియా ఉన్నంతసేపూ అవి ముడుచుకోలేవు.

గురువారం శేషుకుమారి తొందరపడింది. అందులో సగం తీసి ఒక్కసారిగా మంచినీళ్లలో గుమ్మరించింది. విరిగిన పాలలా తెల్లగా పలుకులు కట్టింది. ఆ సగం పోయింది.

శుక్రవారం పొద్దున ఎస్తేరు ఒక పలచని గొట్టంలాంటి సంచి తెచ్చింది. ఒక కొస ముడివేసి పట్టుకుంది. మిగిలిన సగం శేషుకుమారి అందులో పోసింది. ఎస్తేరు రెండో కొస ముడివేసి, బక్కెటంత గాజుపాత్రలో దాన్ని వదిలింది. పాత్రలోనూ యూరియా నీళ్లే, కాస్త పలచనివి. సంచిలోంచి యూరియా కొంచెం కొంచెంగా బయటికి జారిపోతుంది. గొలుసు పెద్దది, అది లోపలే ఉంటుంది. మూత్రపిండాలు చెడినవాళ్లకు చేసే డయాలిసిస్ కూడా ఈ కిటుకే.

"ఇప్పుడేం చెయ్యాలి మేడమ్?"

"నీళ్లు మారుస్తూ ఉండు. ప్రతిసారీ ఇంకాస్త పలచన."

"ఎలా ముడుచుకోవాలో దానికెవరు చెబుతారు?"

"దానికి తెలుసు."

"మరి మనం చేసేదేమిటి?"

"అడ్డం తీసెయ్యడం."

పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్లు మార్చాలి. మూడు రోజులు. మధ్యలో ఏమీ తోచని ఖాళీ. శేషుకుమారి చేతులు వాటంతటవే సింకు వైపు నడిచాయి. అక్కడ భార్గవ్ ఫ్లాస్కులు ఆరు ఉన్నాయి.

"నీళ్లు మార్చే వేళ కాదుగా?" అంది ఎస్తేరు.

"ఇంకా చాలా టైముంది మేడమ్. ఈలోగా ఇవి కడిగేస్తే..."

ఎస్తేరు ఆమె చేతిలో బ్రష్షు తీసుకుంది. గట్టు మీది స్క్రబ్బరూ, సబ్బు డబ్బా కూడా తీసింది. మూడూ తన బల్ల సొరుగులో పడేసి తాళం వేసింది. తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని క్లాసు చెప్పడానికి వెళ్లిపోయింది.



ఊరికే కూర్చోవడం శేషుకుమారికి ఎవరూ నేర్పలేదు. కాసేపు చేతులు చూసుకుంది. చివరికి, ఇంకేమీ తోచక, ఎనిమిది నెలలుగా బల్ల మీద ఉన్న కాగితాల కట్ట విప్పింది. తన ప్రోటీను గురించి ఎవరెవరో రాసిన వ్యాసాలు. ఇన్నాళ్లూ నాలుగేసి వాక్యాలు చదివి లేచిపోయిన వ్యాసాలు.

శనివారం మధ్యాహ్నం, తొమ్మిదో కాగితం మూడో పేజీలో ఆగింది. ఆ ప్రోటీను ముడతల మధ్య జింకు అణువులు కూర్చుంటాయి. అవి లేకపోతే ఆకారం వచ్చినా పని రాదు. తాను కలుపుతున్న నీళ్లలో జింకు లేదు.

ఎస్తేరుని అడుగుదామని లేచింది. మళ్లీ కూర్చుంది. లెక్క తానే వేసింది. రెండుసార్లు సరిచూసుకుంది. ఆ సాయంత్రం నుంచి మార్చే నీళ్లలో రవ్వంత జింకు కలిపింది.

భార్గవ్ రెండుసార్లు వచ్చాడు.

"అక్కా, ఫ్లాస్కులు అయిపోయాయి. సింకులో ఉన్నవి ఎవరూ కడగలేదా?"

"లేదు."

"బ్రష్షు ఏది?"

"సొరుగులో. తాళం మేడమ్ దగ్గరుంది, అడుగు."

అతను అడగలేదు. పక్క ల్యాబులో నాలుగు ఫ్లాస్కులు అప్పు తెచ్చుకుని, వాటినీ సింకులో పెట్టి పోయాడు.

ఆదివారం భర్త ప్రసాదరావు ఫోన్ చేశాడు.

"కుక్కరు ఎన్ని కూతలు రావాలి?"

"పప్పుకా? నాలుగు."

"తర్వాత?"

"తర్వాత పొయ్యి ఆపాలి."

"నువ్వెప్పుడొస్తావ్?"

"నీళ్లు మార్చాలి" అని పెట్టేసింది. పదమూడేళ్ల సంసారంలో అతని కంటే ముందు ఆమె ఫోన్ పెట్టెయ్యడం అదే మొదలు.

సోమవారం పదింటికి సంచి పైకి తీసింది. లోపలి ద్రవం తేటగా ఉంది. పలుకులు లేవు. ముందుగా తాను ఒకసారి పరీక్షించి చూసుకోవాలనుకుంది. పదీ పదికే వరదరాజు గారు, ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చేశారు. ఆయనకు తర్వాత ఇంకో మీటింగుందట.

లోపలికి రాగానే ఆయన చూపు సింకు మీద పడింది. గాజుసామాను గుట్టగా ఉంది. అంచున ఈగలు. ఆయన శేషుకుమారిని చూశాడు.

"ఏమిటమ్మా ఇది? ఈ గది ఎంత శుభ్రంగా ఉండేదని."

"అవి భార్గవ్‌వి" అంది ఎస్తేరు.

కిటికీ దగ్గర భార్గవ్ తన నోటుబుక్కులో ఏదో ముఖ్యమైనది వెతుక్కున్నాడు.

"సరే, ఏముంది చూపించడానికి?" అన్నాడు వరదరాజు గారు, కూర్చోకుండానే.

శేషుకుమారి చేతి తొడుగులు వేసుకుంది. రెండు గాజుగొట్టాల్లో మందు కలిపిన నీళ్లు తీసింది. రెండూ మంచినీళ్లలా ఉన్నాయి. మొదటి దానిలో సంచి బయటి నీళ్లు ఒక చుక్క వేసింది. రెండోదానిలో సంచి లోపలిది ఒక చుక్క. రెండింటినీ తెల్ల కాగితం ముందు నిలబెట్టింది.

ఆమె చేతులు వణకలేదు. అది ఆమె కూడా గమనించింది.

పావు నిమిషం. ఏమీ లేదు. వరదరాజు గారు గడియారం చూసుకున్నాడు.

రెండో గొట్టంలో, చుక్క పడినచోట, లేత పసుపు నూలుపోగులా దిగింది. పోగు పొగలా విచ్చుకుంది. మరో నిమిషానికి గొట్టమంతా చేమంతి రంగుకు తిరిగింది. పక్కగొట్టం నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

ముగ్గురూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు.

"మళ్లీ చెయ్యి" అన్నాడు ఒకాయన. చేసింది. మళ్లీ పసుపు. ఈసారి రెండు చుక్కలు వేసింది, ఇంకా త్వరగా వచ్చింది. వాళ్లు అడిగితే మడ్డి దగ్గర్నుంచి జింకు దాకా చేసిందంతా చెప్పింది.

"జింకు వెయ్యమని ఎస్తేరు గారు చెప్పారా?" అన్నాడు వరదరాజు గారు.

"నేను చెప్పలేదు. నాకు ఇప్పుడే తెలిసింది" అంది ఎస్తేరు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముద్దకట్టిన ప్రోటీనును మళ్లీ ఆకారానికి తేవడం మా రోజుల్లో ఏళ్లు పట్టేది. ఎలా మడిచావమ్మా?"

"నేను మడవలేదు సర్. అడ్డం తీశాను. అదే ముడుచుకుంది."

అన్నాక ఆమె ఆగిపోయింది. తలతిప్పి సింకు వైపు చూసింది. అక్కణ్నుంచి తాళం వేసిన సొరుగు వైపు చూసింది. తర్వాత ఎస్తేరు వైపు. ఎస్తేరు కిటికీలోంచి బయటికి చూస్తోంది, వర్షం వస్తుందా రాదా అన్నట్టు.

సంఘం కాగితం మీద ముగ్గురూ సంతకాలు పెట్టారు. రిజిస్ట్రేషన్ కొనసాగించవలెను. కింద వరదరాజు గారు తన చేత్తో ఇంకో ముక్క రాశాడు: ఫలితాన్ని వెంటనే ప్రచురణకు పంపవలెను.

వాళ్లు వెళ్లాక ఎస్తేరు హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వుంచుకో."

శేషుకుమారి సొరుగు తెరిచింది. బ్రష్షు, స్క్రబ్బరు, సబ్బు డబ్బా తీసింది. కిటికీ దాకా నడిచి, మూడూ భార్గవ్ తెరిచిపెట్టుకున్న నోటుబుక్కు మీద వరసగా పెట్టింది. సరిగ్గా 'మడ్డి పారెయ్యి' అని రాసి ఉన్న పేజీ మీద.

"ఏంటక్కా?"

"ఫ్లాస్కులు అయిపోయాయన్నావుగా."

తర్వాత తన గొట్టాలు రెండూ తానే కడుక్కుంది. వాటి అడుగున ఏముందో చూసి కడిగింది.

మూడేళ్లకు ఆమె డాక్టరేటు పూర్తి చేసింది. ఎస్తేరు రిటైరయ్యాక ఆ గదిని పందొమ్మిదేళ్లు నడిపింది. ఇంకొకరి ఫ్లాస్కు ఒక్కటి కూడా కడగలేదు.