వెనక లేని గుడ్డ

ఎవరు ప్రశ్న అడిగినా భద్రయ్యగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చిక్కుపడిన నూలు చిలప ఒకటి చేతికిచ్చి, "ముందిది విప్పు" అనేవారు. నలభై ఏళ్ళు మగ్గం నేసి, మోకాళ్ళు సహకరించక మగ్గం గుంటలోకి దిగడం మానేసిన మనిషి ఆయన. సాయంత్రాలు మేము పదిమందిమి ఆయన అరుగు మీద చేరేవాళ్ళం. చిక్కు విప్పేలోపే సగంమంది ప్రశ్న మరిచిపోయేవారు. మిగిలినవారికి అడిగినందుకు సిగ్గేసేది.

పానకాలరావు మాస్టారికి మాత్రం ఆయన చిలప ఇవ్వలేదు.

పానకాలరావు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైనవాడు. ఇరవై ఏళ్ళుగా పాత బట్టలు పోగుచేస్తున్నాడు. వాటి కోసం ఇంట్లో ఒక గది కేటాయించి, వచ్చే ఆదివారం తెరుస్తున్నానని, గురువుగారే దీపం పెట్టాలని పిలవడానికి వచ్చాడు. పిలిచి ఊరుకోకుండా అందరి ముందూ అడిగాడు: "గురువుగారూ, పాతవాటిని పోగుచేయడం సేవా, మోహమా?"

జవాబు తన దగ్గర ఉంచుకునే అడిగాడు. సేవ అనే మాట పదిమంది వినాలని అతని ఆశ. భద్రయ్యగారు అతని ముఖం కాసేపు చూసి, "ఏదీ, రేపు చూపించు" అన్నారు.

మరునాడు పొద్దున్నే వెళ్ళాం. గది నిజంగానే ముచ్చటగా ఉంది. మిల్లు తానుల మీద అంటించే బొమ్మల కాగితాలు, పులి, రైలుబండి, ఊయలూగే అమ్మాయి, వరసగా పటాలు కట్టి ఉన్నాయి. యుద్ధకాలం నాటి నూలు రేషను కార్డులున్నాయి. మగ్గంలో పేకపోగుతో అటూ ఇటూ ఆడి, అరిగి నున్నబడిన నాడెలున్నాయి. నడిమి గోడకు మాత్రం ఒక్కటే పటం. అద్దం శనివారానికి వస్తుందట. అట్ట మీద సన్నగా పొడుగ్గా ఒక గుడ్డ, దాని నిండా చీర అంచుల నమూనాలు, జానెడుకొకటి చొప్పున ఐదు. కింద చీటీ: "సుమారు నూరేళ్ళ నాటిది. నేసినవారు తెలియదు."

ఆ అట్ట కోసింది నేనే. పుస్తకాలు బైండు చేయడం నా వృత్తి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి మైదా జిగురు కాచిందీ, గుడ్డను దాని మీద పరిచి అంటించిందీ నేనే. ఎవరిదని నేను అడగలేదు. అడగకపోవడం కూడా ఒక పనే అని అప్పటికి నాకు తెలియదు.

"ఇదెక్కడిది?" అన్నారు గురువుగారు.

"పల్లెల్లో దొరికిందండి."

"దొరికిందా, ఇచ్చారా?"

"ఇచ్చారండి. కొత్తరేవుపాలెంలో, శివలక్ష్మమ్మ అని."

"తెలిసే, తెలియదని రాశావా?"

"మ్యూజియాల్లో అలాగే రాస్తారండి."

మాలో ఒకరు నవ్వారు. గురువుగారు నవ్వలేదు. "మేకు నుంచి తీసి చంకలో పెట్టుకో. పోదాం పద" అన్నారు. నన్ను కూడా రమ్మని సైగ చేశారు.

బస్సులో పానకాలరావు ఆ పటాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "మాస్టారూ, పెళ్ళిచూపులకా? దానిక్కూడా టికెట్ కొట్టమంటారా?" అన్నాడు కండక్టరు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు.

శివలక్ష్మమ్మకు డెబ్బై దాటాయి. చూపు బాగా తగ్గింది. మగ్గం పక్కన పీట వేసుకుని, గుంటలో కూర్చున్న కోడలు నాగరత్నానికి అంచు నమూనా వరసలు చెబుతోంది. మేము గుమ్మంలోకి రాగానే తలెత్తింది.

"ఎవరయ్యా, వెలుతురుకి అడ్డం?"

"నేనమ్మా, భద్రయ్యని."

"అయ్యవారా! రండి, రండి. వెంట ఎవరో వచ్చినట్టున్నారే?"

"గుడ్డలంటే ప్రాణం పెట్టేవాళ్ళు."

"అట్టాగా? అయితే మీకు పానకాలరావు మాస్టారు తెలిసే ఉంటారు. మా ఇంటి నమూనా గుడ్డ ఫొటో తీసుకుని నెలలో ఇస్తానని తీసుకెళ్ళారు. మూడేళ్ళయింది. పెద్దమనిషి, ఎలకల పాలు కాకుండా దాచే ఉంటారు. తప్పు నాదే. చూసే పనేముంది, అంతా నోటికొచ్చుగా అనుకున్నా. ఇప్పుడు మూడో అంచు నాలుగో వరసలో చెయ్యి ఆగిపోతోంది. నేసింది విప్పడం, విప్పింది నెయ్యడం. నాలుగు నెలల్నించీ ఇదే పని."

నాగరత్నం చూపు మాస్టారి మీద నుంచి కదలలేదు. "అత్తా, నేను రెండుసార్లు పోతే ఫొటోల పని కాలేదన్నారు. మూడోసారి గుమ్మంలోనే నిలబెట్టారు. ఇప్పుడన్నా అయిందేమో, ఎదురుగానే ఉన్నారు, అడుగు."

ముసలామె తడబడింది. "అయ్యో, మాస్టారా! కనబడక ఏదో వాగాను, ఏమీ అనుకోవద్దు బాబూ."

తప్పు చేసినవాడికి తిట్లు ఒక ఊతం. తిట్టకపోతే నిలబడడానికి చోటుండదు. పానకాలరావు పటాన్ని ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె వేళ్ళు గుడ్డను తాకగానే గుర్తుపట్టాయి. ముఖం విప్పారింది. ఆ ఇంట్లో కోడలు అంచు నేర్చుకున్నాక తన జానెడు ఆ గుడ్డకు చేర్చి నేస్తుంది. "ఇది నాది. ఇది మా అత్త సుబ్బమ్మది. ఇవి రెండూ అక్కచెల్లెళ్ళవి, ఈ ఇంటికే వచ్చారు. ఈ కొసది మా తిరుపతమ్మ అవ్వ చెయ్యి. చూడు, ఎంత బిగువో." ఆ వేళ్ళకు బెత్తెడు కిందనే ఉంది, నేసినవారు తెలియదన్న చీటీ.

తర్వాత ఆమె అలవాటుగా గుడ్డను తిరగేయబోయింది. వేళ్ళకు అట్ట తగిలింది. ఆ పక్కా ఈ పక్కా తడిమింది.

"వెనకేదయ్యా?"

"ఊడిపోకుండా అంటించామమ్మా."

"ముందువైపు చూసి మురిసేది కట్టుకునేవాళ్ళు. ఏ పోగు ఎత్తాలో, ఏది దించాలో వెనకేగా తెలిసేది! వెనక లేకపోతే నేను దేన్ని చదవను?"

తాతలు మగ్గం నేసిన ఇంట్లో పుట్టి కూడా మాస్టారు ఆ గుడ్డను మూడేళ్ళలో ఒక్కసారి తిరగేసి చూడలేదు. ఇక నేను మాట్లాడక తప్పలేదు. గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే జిగురు వదులుతుందనీ, అయితే గుడ్డలోని ఎరుపు దిగిపోతుందనీ చెప్పాను.

"వద్దండీ!" అన్నాడు పానకాలరావు గబుక్కున. "రంగు పోతే ఇంకేం మిగులుతుంది?"

అన్నాక తన మాట తనకే వినబడినట్టుంది, తల దించుకున్నాడు.

"రంగుదేముందయ్యా, మళ్ళీ అద్దుకుంటాం" అంది శివలక్ష్మమ్మ. "పోగు పోతే ఎవరినడగాలి? నానెయ్యండి."

పడుగుకు గంజి పెట్టే తొట్టిలో పటాన్ని ముంచారు. నీళ్ళు ఎర్రబడ్డాయి. మధ్యాహ్నమంతా పానకాలరావు తొట్టి పక్కన గొంతుక్కూర్చుని గోటితో అంగుళం అంగుళం విడదీశాడు. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. నాలుగు జానలు వచ్చాయి. కొస జానెడు మాత్రం రాలేదు. అన్నిటికన్నా పాతది కదా, గట్టిగా ఉండాలని అతను చెబితే అక్కడ నేను జిగురు దట్టంగా పూశాను. అందులోని మైలుతుత్తం పోగును తినేసింది. తడి పీచులా చేతికొచ్చింది.

నాగరత్నం గుడ్డను పిండి, తిరగేసి అత్త ఒళ్ళో పరిచింది. ముసలామె వేలితో వరసలు లెక్కపెట్టుకుంటూ పోయి ఒకచోట ఆగింది. "ఇదిగోనే! ఇక్కడ మూడు ఎత్తాలి. నేను రెండే చెబుతున్నా." నాగరత్నం గుంటలోకి దిగింది. నాడె ఆడింది. నాలుగో వరస దాటింది, ఐదోదీ దాటింది.

శివలక్ష్మమ్మ గుడ్డను చివరిదాకా తడిమి మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఎన్ని జానలున్నాయే?"

"నాలుగత్తా."

"ఐదు కదే?"

మగ్గం ఆగింది. ఆమె గుడ్డ కొసను మరోసారి తడిమి, మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "భోంచేసి పోదురుగాని" అంది. మేము ఆగలేదు.

బస్సు కోసం కాలవగట్టున నిలబడ్డాం. పానకాలరావు చంకలో తడిసి ఉబ్బిన ఖాళీ అట్ట ఉంది. దాని మీద గుడ్డ పొడుగునా ఎర్రటి మరక, ఒక కొసన కొంచెం పీచు. చీటీ మాత్రం ఊడలేదు. అతను అట్టను కాలవలోకి విసరబోయి ఆగాడు.

"గురువుగారూ, ఆదివారం గది తెరవమంటారా?"

భద్రయ్యగారు బస్సు వచ్చే దారి వైపే చూస్తూ అన్నారు.

"ఆ అట్ట పారేయకు నాయనా. ఆ గదిలో నీదంటూ ఉన్నది అదొక్కటే."