అంచు దాకా తెగని గాట్లు

మా మామగారు కనకాచారిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పడం అరుదు. "పద, చూద్దాం" అని లేచేవారు. ఘాటీ రోడ్డు మొదట్లో ఉన్న మా ఇంటి ముందు కొలిమి పెట్టుకుని పగలంతా ట్రక్కుల టైర్లకు గాట్లు కోసేవారు. సందె వేళ అదే అరుగు మీద తత్త్వాలు చెప్పేవారు. మన్యం బురదకు కంపెనీ వాళ్లు పెట్టిన గాట్లు ఆగవు. అందుకని ఎర్రగా కాల్చిన వంపు కత్తితో రబ్బరును చాళ్లు చాళ్లుగా తీయించుకోవడానికి డ్రైవర్లు వచ్చేవారు. గాట్ల కోసం వచ్చి తత్త్వాల కోసం ఉండిపోయిన వాళ్లలో అప్పలకొండ ఒకడు. ఇప్పుడు చెప్పే సంగతిలో సగం నేను గుమ్మంలో నిలబడి చూసినదే. తక్కిన సగం అతను చెప్పగా విన్నాను.

ఒక బుధవారం పొద్దున అప్పలకొండ తన పాత మిలిటరీ ట్రక్కును కొలిమి ముందు ఆపి, దిగి, దణ్ణం పెట్టి అడిగాడు.

"గురువుగారూ, సచ్చిపోయినోలు మనల్ని పట్టుకుంతారా, మనమే ఆలని పట్టుకుంతామా?"

"ఎవర్రా నిన్ను పట్టుకున్నది?"

"మా సన్నిబాబు."

సన్నిబాబు అతని తమ్ముడు, ఆ బండికి క్లీనరు. కార్తీకంలో తెల్లమట్టి మలుపు ఎక్కుతుండగా బండి వెనక్కి జారింది. చక్రం కింద దిమ్మ పెడదామని సన్నిబాబు దూకాడు. చక్రం పక్కకు కొట్టింది. దిమ్మతో పాటు మనిషి లోయలోకి పోయాడు.

"అప్పటి నుంచీ ఆ మలుపు కాడికి ఎల్లేసరికి క్లీనరు సీటు కిర్రుమంతాది, గురువుగారూ. మనిసి కూకున్నట్టు కుంగుతాది. ఆ ఎనకాల బండి నా మాట ఇనదు, లోయకేసి జారుతాది. నెల్లాలయింది, బండి కొండెక్కించలేదు. రేపు సంత. పైన పసుపు మూటలు కట్టుకుని ఇరవై మంది నా బండి కోసమే సూస్తన్నారు. ఆలని ఎక్కించుకోనా, ఒద్దా?"

"పద, చూద్దాం," అన్నారు మామగారు.

వెనక టైర్లకు వరసగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. మామగారు కళ్లజోడు సవరించుకుని, "ఒరే కొండా, ఇవి చక్రాలా, దేవుడి గూళ్లా? కొబ్బరికాయ కూడా ఇక్కడే కొడుతున్నావా?" అన్నారు.

అప్పలకొండ నవ్వలేదు. "మా తమ్ముడి సేతి గాట్లండి అయి. ఆడు పోయే ముందు రోజే కోసినాడు. అప్పటి నుంచీ ఎవుర్నీ ముట్టనివ్వలేదు."

మామగారు ఒక గాట్లో వేలు పెట్టి నెమ్మదిగా జరిపారు. అంచు ఇంకా రెండంగుళాలుందనగా వేలు ఆగిపోయింది. ఇంకొక గాటు. అదీ అంతే.

"లోతు బాగా తీశాడు. మంచి చెయ్యి," అన్నారు. వేలు వెనక్కి తీసుకుని, "చివర మూసేశాడు," అన్నారు.

గాటు అంచు దాకా తెగితేనే చక్రం తిరిగినప్పుడు బురద పక్కకు చిమ్ముతుంది. మూసుకుపోతే బురద అందులోనే కూరుకుని గట్టిపడుతుంది. ఎంత లోతు కోసినా అది గుండు టైరే. అప్పలకొండకు ఇది తెలియక కాదు. ఒప్పుకుంటే, తమ్ముడు తన సొంత చేతిపని వల్లే పోయాడని ఒప్పుకోవాలి.

మామగారు కత్తిని కొలిమిలో పెట్టి, ఎర్రబడ్డాక పిడి అతని వైపు తిప్పారు.

"ఆడి గాట్ల మీద కత్తి ఎట్టలేనండి."

"నేను పెడితే నీకు జన్మంతా నా మీద కోపం ఉంటుంది. నువ్వే పెట్టు."

మధ్యాహ్నం దాకా కోశాడు. ఏడుస్తూనే కోశాడు. కాలిన రబ్బరు కంపు మా పూజ గది దాకా వచ్చింది. నేను మంచినీళ్లు తీసుకువెళ్లేసరికి ఆఖరి టైరు సాగుతోంది. నెల్లాళ్లుగా ఎండలో నిలిచిన బండి అది. గాట్లలో పైమట్టి ఎండి పెళ్లలుగా రాలింది. దాని అడుగున తెల్లమట్టి మాత్రం తడితడిగా, ఇప్పుడే ఊటలోంచి తీసినట్టు చల్లగా జారి నా పాదం మీద పడింది. మామగారు అది చూశారు. నన్ను లోపలికి వెళ్లమని సైగ చేశారు.

అన్నాలయ్యాక ఇద్దరూ బండెక్కారు. మామగారు గేరు రాడ్డుకు మోకాళ్లు ఆనించుకుని మధ్యలో ఇరుకుగా కూర్చున్నారట.

"డోరు పక్కన కూకోండి గురువుగారూ, ఇశాలంగా ఉంతాది."

"అక్కడ ఖాళీగా ఉందంటావా?"

మలుపు వచ్చేదాకా అప్పలకొండ ఆ సీటు వైపు చూడకుండా బండి నడిపాడు.

పట్టపగలే మంచు కమ్మింది. తెల్లమట్టి మీదికి చక్రం ఎక్కగానే సీటు కిర్రుమంది. మెల్లగా, బరువున్న మనిషి సర్దుకుని కూర్చున్నట్టు కుంగింది. మామగారు పక్క ప్రయాణికుడికి చోటిచ్చేవాడిలా పంచె కుచ్చెళ్లు ఇటు లాక్కున్నారు. బండి మూరెడు వెనక్కి జారింది. అప్పలకొండ కాలు బ్రేకు మీదికి పోబోయింది.

"ఆపకు. తొక్కు."

చక్రాలు ఉత్తినే తిరిగాయి. ఆ తర్వాత బురద ముద్దలు ముద్దలుగా పక్కకు లేచి లోయలో పడుతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించిందట. ఉన్నట్టుండి టైరు నేలను కరిచింది, బండి ఎక్కింది. సీటు స్ప్రింగులు ఒక్కొక్కటే పైకి లేచాయి. తలుపు గడియ వేసినది వేసినట్టే ఉంది.

మర్నాడు ఇరవై మందీ క్షేమంగా సంతకు దిగారు. అది ఊరందరికీ తెలుసు. ఆ బుధవారం మలుపు పైన నడిచిన మాటలు మాత్రం వాళ్లిద్దరికీ, అతను చెప్పగా నాకూ తెలుసు. పైకెక్కగానే అప్పలకొండ బండి ఆపి, దిగి, మలుపు దాకా వెనక్కి నడిచి నేలంతా వెతికాడు. కొత్త గాట్ల అచ్చులు అంచు నుంచి అంచుకు పడి ఉన్నాయి. ఒక్క అడుగుజాడ లేదు.

"గురువుగారూ, ఆడు దిగిపోనాడా? నేకపోతే ఇన్నాలూ ఇదంతా టైరు తప్పేనా?"

మామగారు లోయ వైపు చూడకుండా అన్నారట:

"మనం బురదకి దారి చేశాం, కొండా. ఆ దారిన ఇంకెవరు వెళ్లారో నన్నడక్కు."