స్వామివారి స్నానాల గదిలో షేవర్ సాకెట్

ధ్రువానంద గారు రెండు రోజులుగా సరిగ్గా భోంచెయ్యడం లేదని ఆశ్రమంలో వంటమనిషి చెప్పింది. అందుకు కారణం నేనే. నేనంటే నేను కాదు, నా సంచిలో ఉన్న అట్టపెట్టె.

పెట్టెలో ఉన్నది షేవర్ సాకెట్. గొరిగే మిషనుకి కరెంటు ఇచ్చే ప్లగ్గు. మామూలు ప్లగ్గుని ఎవడైనా స్నానాల గదిలో పెట్టమంటే వాడికో దణ్ణం పెట్టి వచ్చేస్తాను. దీనికి లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఆ గది కోసమే తయారు చేస్తారు. పదిహేడేళ్ళుగా గోదారి పక్క ఊళ్ళల్లో కరెంటు పని చేస్తున్నాను. ఇలాంటివి రెండే బిగించాను, రెండూ హోటళ్ళల్లోనే. ఆశ్రమంలో అడుగుతారని కలలో కూడా అనుకోలేదు.

అడిగింది విమలబోధ స్వామివారు. ఎనభై దాటిన మనిషి. ధ్రువానంద గారు ఆయన శిష్యుడు, ఆయనా సన్యాసే. రెండు నెలలకోసారి పౌర్ణమి నాడు ఇద్దరూ తల నున్నగా చేసుకోవాలి. పన్నెండేళ్ళుగా గురువుగారి తల గొరిగేది ధ్రువానంద గారే. ఒక్కసారి కూడా కత్తి గాటు పడలేదు. ఆ సంగతి ఆయన గొప్పగా చెప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు గానీ, కత్తిని తోలు మీద నూరేటప్పుడు ఆయన మొహం చూస్తే తెలిసిపోతుంది. అన్నీ వదిలేసిన మనిషి ఆ ఒక్కటి మాత్రం వదల్లేదు.

ఇప్పుడు ఎవరో భక్తుడు కరెంటు మిషను తెచ్చిచ్చాడు. ఇక ఆ కత్తి ఎందుకు, ఆయనెందుకు? అదీ ఆయన బాధ.

పౌర్ణమి నాడు పొద్దున్నే వెళ్తే ధ్రువానంద గారు నన్ను గేటు దగ్గరే ఆపేశారు.

“నూకరాజు గారూ, ఆ గదిలో గోడలన్నీ చెమ్మ. కుదరదేమో చూడండి.”

“కుదురుతుందండి. మొన్న చూసే వెళ్ళాను.”

“టైల్స్ పగుల్తాయి.”

“నా చేతిలో పగలవండి.”

“వైరింగు కూడా పాతది కదా.”

“పోయినేడు మార్చింది నేనే కదండీ.”

నాకు కాస్త ఒళ్ళు మండింది. నా పనిని ఎవరైనా అంటే ఊరుకునే రకం కాదు నేను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“కుదరదని మీరొక్క మాట చెప్తే స్వామివారు నమ్ముతారు.”

కాషాయం కట్టిన మనిషి నన్ను అబద్ధం చెప్పమంటున్నాడు. పకాలున నవ్వేసేవాణ్ణే, ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి ఆగిపోయాను.

“నా చెయ్యి ఎక్కడో బరువుగా పడి ఉంటుంది. ఆయన పైకి చెప్పే మనిషి కాదు” అన్నారు.

ఈలోగా స్వామివారే లోపల్నుంచి వచ్చేశారు. “పనికొచ్చిన మనిషిని గేటు దగ్గర కాపలా పెట్టావేమిట్రా ధ్రువా” అని నవ్వుకుంటూ నన్ను లోపలికి తీసుకుపోయారు.

ఈ సాకెట్టు ఎక్కడైనా అద్దం పక్కనే పెడతారు. ఆ గదిలో అద్దమే లేదు.

“అద్దం ఎక్కడ పెట్టుకుంటారో చెప్తే దాని పక్కన గుర్తు పెడతానండి.”

“అద్దంతో పనిలేదు” అన్నారు స్వామివారు.

అద్దం లేకుండా తన తల తను ఎలా చేసుకుంటారో నాకు బోధపడలేదు. సరే, పెద్దవాళ్ళు, మనకెందుకులే అనుకున్నాను.

నీళ్ళు పడని మూల ఒకటుంది. ఆయన చెక్కపీట తెప్పించి అక్కడ వేయించారు. “ధ్రువా, కూర్చో” అన్నారు. ధ్రువానంద గారు మొహం మాడ్చుకునే కూర్చున్నారు. ఇకనుంచి గురువుగారు కూర్చునే చోటికి ఇవాళ తను కొలత అయ్యానని ఆయన బాధ కాబోలు. స్వామివారు పీట వెనక నిలబడి గోడ మీద వేలు పెట్టారు.

“నూకరాజూ, ఇదిగో, ఇక్కడ.”

నేనెరిగినప్పట్నుంచీ ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి. వేలు ఒక చోట నిలవదు. దాని వెంట నా పెన్సిలు పోయి గోడ మీద జానెడు గీత పడింది. నేను ఆ గీత మధ్యలో గుర్తు పెట్టుకున్నాను.

మెయిను ఆపి, టెస్టరు పెట్టి చూసుకుని పనిలో దిగాను. ధ్రువానంద గారు పక్కనే నిలబడి, రాలిన పొడి రాలినట్టే చీపురుతో ఎత్తారు. ఒక్క టైలూ పగల్లేదని ఆయనకి చూపించాలనిపించింది గానీ, ఆ మొహం చూసి మానేశాను.

పది గంటలకి మెయిను వేశాను. స్వామివారు మిషను తెచ్చి ప్లగ్గు పెట్టి మీట నొక్కారు. బుర్రుమంది. ఆయన ఉలిక్కిపడి ఆపేసి, మళ్ళీ నొక్కి, మళ్ళీ ఆపి, నా వంక చూసి ఒకటే నవ్వు. నాక్కూడా నవ్వొచ్చింది. నేను బిగించిన సాకెట్టుకి అంత సంబరపడిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

ధ్రువానంద గారు మాత్రం ఇక ఆగలేకపోయారు.

“స్వామీ, నేను ఇక కత్తి పట్టనక్కర్లేదా?”

“ఎందుకు పట్టనక్కర్లేదు? పొద్దున నూరావా లేదా?”

“నూరాను.”

“మరింకేం. నా తలకి నీ కత్తే.”

“మరి ఇది?”

స్వామివారు పీట చూపించారు. “కూర్చో.”

ఆయన అయోమయంగా కూర్చున్నారు. స్వామివారు ఆయన భుజాల మీద తువ్వాలు కప్పి, తల మెల్లిగా ముందుకి వంచారు. అప్పుడు చూశాను నేను. చెవి వెనక నుంచి మెడ దాకా అన్నీ గాట్లే. మాని మచ్చలైనవి కొన్ని, మచ్చ మీద మచ్చ పడ్డవి కొన్ని. గురువుగారి తలని అంత ఓపిగ్గా చేసే మనిషి, తన తల మాత్రం తడుముకుంటూ తనే గీసుకునేవాడు. ఆయన వెనక నిలబడ్డవాళ్ళు ఎవరూ లేరు.

స్వామివారు ఒక్కో మచ్చ మీదా వేలితో తడిమారు.

“ఈ మిషనుతోనైతే చెయ్యి వణికినా తెగదట” అన్నారు.

ధ్రువానంద గారికి విషయం అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమవగానే గభాలున లేవబోయారు. “స్వామీ, మీరు నాకు చెయ్యడమేమిటి, నేను...” ఏడుస్తున్నారో నవ్వుతున్నారో నాకు తెలియలేదు. రెండూ అనుకుంటాను.

స్వామివారు ఆయన భుజం పట్టి కూర్చోబెట్టి, రెండో చేత్తో మీట నొక్కారు.

“కదలకు నాయనా. నేర్చుకుంటున్నాను.”