జానెడు గుడ్డ

నాగబుద్ధికి లెక్కలంటే ప్రాణం. ఆ లెక్కలే ఆ రోజు కృష్ణ ఒడ్డునున్న బౌద్ధ విహారం మొత్తానికీ ప్రాణం మీదికి తెచ్చాయి.

వానాకాలం ముగిసి చలిగాలి మొదలైంది. ముసలి భిక్షువు ధమ్మిలుడు ఒంటికి కప్పుకునే చీవరం మాసికల మీద మాసికలు పడి, ఇక సూదికి కూడా ఆగడం లేదు. ఆయన కోసం ఊరివాళ్లు ఆ పొద్దునే తెల్ల గుడ్డ దానమిచ్చారు. నియమం ఒకటే. గుడ్డ ఇచ్చిన రోజే దాన్ని కోసి, కుట్టి, రంగు వేసి ముగించాలి. రోజు దాటితే దానం చెల్లదు. మళ్లీ ఏడాది ఆగాలి.

గురువు రేవతుడు కోత పని శిష్యుడు నాగబుద్ధికి అప్పగించాడు. ఐదు పట్టీలు, పట్టీకో పెద్ద ముక్క, ఓ చిన్న ముక్క, చుట్టూ అంచులు. అంతే పని.

మధ్యాహ్నం దాటింది. కత్తి ఇంకా గుడ్డను తాకలేదు. పలక నిండా సుద్దగీతలే. సూదుల్లో దారాలు ఎక్కించుకుని కూర్చున్న భిక్షువులు ఆవులిస్తున్నారు. బెరడు రంగు మరిగి మరిగి అడుగంటుతుంటే రెండుసార్లు నీళ్లు పోశారు.

"ఇంకా ఎంతసేపయ్యా?" అన్నాడు గురువు.

"భంతే, పెద్ద ముక్కలు ముందు కోస్తే జానెడు మిగులుతోంది. అంచులు ముందు కోస్తే బెత్తెడు. అసలేమీ మిగలని కోత ఒకటి తప్పకుండా ఉంది. దానమిచ్చిన గుడ్డ కదా, పోగు కూడా వృథా కాకూడదు."

"పొద్దున కూడా ఇదే చెప్పావు."

"పొద్దున మూరెడు మిగిలింది భంతే! ఇప్పుడు బెత్తెడే!"

గురువుకు ఒళ్లు మండింది. గోడవార ముడుచుకు కూర్చున్న ధమ్మిలుడు గుడ్డ వైపు చూడటం మానేసి చాలాసేపైంది. ఆయన చూపంతా వాలుతున్న పొద్దు మీదే ఉంది.

గురువు కత్తి లాక్కుని చకచకా కోసి, ముక్కలు కుట్టేవాళ్ల ఒళ్లో పడేశాడు. చివరికి జానెడు గుడ్డ మిగిలింది.

నాగబుద్ధికి ఏడుపొక్కటే తక్కువ. "జానెడు వృథా అయిపోయింది భంతే!"

గురువు ఆ జానెడు గుడ్డను నీళ్లలో ముంచి, పలక మీది లెక్కలన్నీ శుభ్రంగా తుడిచేశాడు.

"ఏమీ వృథా కాలేదులే," అన్నాడు. "సూది అందుకో."

దీపాలు పెట్టేవేళకు ధమ్మిలుడు కొత్త చీవరం కప్పుకున్నాడు. నాగబుద్ధి కుట్టిన అంచు ఒకటి కాస్త వంకరపోయింది. అతను దాన్ని చూశాడు. కొలవలేదు.