గౌరి కాలు, చెంచయ్య చెయ్యి

కొండకింద మఠంలో చెంచయ్యకు రెండు పనులు. తెల్లవారితే గౌరి అనే గేదె పాలు పితకడం, తక్కిన పొద్దంతా ఎదుటివాళ్ళ మనసులు చదవడం. మొదటిది గురువు పీరలింగస్వామి అప్పజెప్పిన పని. రెండోది, మూడేళ్ళు కళ్ళు మూసుకుని జపం చేశాక తనకు తానే అప్పజెప్పుకున్నాడు.

ఆ రోజు సొట్టపోయిన చెంబుతో, తడిసిన పంచెతో గురువు ముందుకొచ్చి నిలబడ్డాడు. స్వామి విస్తరి కుడుతున్నాడు.

"నాతో కాదు స్వామీ. గౌరిని వచ్చే శుక్రవారం సంతకు తోలేద్దాం."

"ఏం చేసింది?"

"దాని మనసు మంచిది కాదు. నేనంటే కక్ష పెట్టుకుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు."

తన్నే గేదెను పాడికోసం ఎవరూ కొనరు. కటికవాడు కొంటాడు. గౌరి దూడ ఇంకా పాలు మరవలేదు. ఈ సంగతి చెంచయ్యకూ తెలుసు, అందుకే గురువు మొహం చూడకుండా చెప్పాడు.

స్వామి పుల్ల కింద పెట్టాడు. "మనసు సంగతి పక్కన పెట్టు నాయనా. కంటికి కనబడింది చెప్పు."

"కాలెత్తి తన్నింది."

"తర్వాత?"

"పాలు ఒలికిపోయాయి."

"తర్వాత?"

"తర్వాతేముంది స్వామీ, దాన్ని చల్లబరచాలి కదా. దోసెడు తవుడు పెట్టాను."

"నిన్న?"

"నిన్నా అంతే."

స్వామి మళ్ళీ విస్తరి అందుకున్నాడు.

మర్నాడు పొద్దున తానే చెంబు పట్టుకుని గౌరి పక్కన కూర్చున్నాడు. తవుడు తట్ట చెంచయ్య చేతికిచ్చి దాని మూతి దగ్గర నిలబెట్టాడు. దూడను విడిచారు, గేదె పాలు చేపాక దాన్ని పక్కకు కట్టేశారు. నాలుగు ధారలు పడ్డాయో లేదో గౌరి కాలు లేపింది. స్వామి చెంబు వెనక్కి లాక్కుని, తల తిప్పకుండానే అడిగాడు.

"చెంచయ్యా, నీ చెయ్యెక్కడుంది?"

చెంచయ్య చూసుకున్నాడు. చెయ్యి తట్టలో ఉంది. పిడికిట్లో తవుడు ఉంది. అదెప్పుడు వెళ్ళిందో అతనికి తెలియదు.

"ఇది కూడా పుట్టుకతో వచ్చిందేనా?"

చెంచయ్యకు చచ్చేంత సిగ్గేసింది. ఊరందరి మనసులూ చదివేవాడు సొంత చెయ్యి చేసే పని చూసుకోలేకపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది. వానాకాలంలో ఒకనాడు జోరీగ కుట్టి గౌరి కాలు విదిలిస్తే, పాలు పోతాయన్న గాభరాలో మొదటిసారి తవుడు తెచ్చి పెట్టింది తనే.

"కాలు లేచినప్పుడు పెట్టకు. కింద ఉన్నప్పుడు పెట్టు" అన్నాడు స్వామి.

చెప్పినంత సుళువేం కాదు. రెండోనాడు గౌరి ఒకటికి ఆరు తన్నులు తన్నింది. మఠంలో అందరూ జావతో సరిపెట్టుకున్నారు. మూడోనాటికి స్వామి మోకాలు వాచింది. చెంచయ్య చూడలేకపోయాడు.

"ఈ ఒక్కసారికీ పెట్టేస్తాను స్వామీ. మీకు దెబ్బలు తగులుతుంటే నా వల్ల కావడం లేదు."

"ఇన్నాళ్ళూ ఒక్క తన్నుకు పెట్టావు. ఇప్పుడు పెడితే ఆరు తన్నమని నేర్పినట్టు."

చెంచయ్య పెదవి కొరుక్కుని నిలబడ్డాడు. నాలుగోనాడు మూడు తన్నులు పడ్డాయి. నాలుగు కాళ్ళూ నేలమీద ఉన్నప్పుడల్లా చిటికెడు తవుడు గౌరి మూతి దగ్గరికి వెళ్ళేది. అయిదోనాడు ఒకసారి కాలు కదిపి ఊరుకుంది. గురువారం పొద్దున చెంబు నిండి నురగ అంచు దాటింది.

ఆ సాయంత్రం బేరగాడు తాడు పట్టుకుని వచ్చాడు. "తన్నుబోతు గేదె ఉందన్నారు, ఏదీ?"

చెంచయ్య పాకకు అడ్డంగా నిలబడ్డాడు. "అట్లాంటిది మా దగ్గర లేదన్నా. ఎండన పడొచ్చావు, మజ్జిగ తాగి పో."

శుక్రవారం ఊరి గొడ్లన్నీ సంతదారి పట్టిన వేళకు గురుశిష్యులు పాకలోనే ఉన్నారు. సగం చెంబు నిండేసరికి గౌరి పొట్టమీద ఈగ వాలింది. అది కాలు కాస్త ఎత్తి, విదిలించి, మళ్ళీ దించింది. తట్ట చెంచయ్య చంకలోనే ఉంది. స్వామి పితుకుతూనే ఉన్నాడు.

పొదుగు ఖాళీ అయ్యాక చెంచయ్య దూడను విడిచాడు. అది తల్లి పొదుగు కుమ్ముకుంటూ తాగుతుంటే అతనికి కడుపు నిండినట్టయింది. పాత గుణం పూర్తిగా పోలేదేమో, ఉండబట్టలేక అడిగాడు.

"స్వామీ, గౌరి మనసు మారిందంటారా?"

"దాని మనసులోకి నేను పోలేదు నాయనా" అన్నాడు స్వామి, వాచిన మోకాలు పట్టుకుని లేస్తూ. "కాలు కిందికి దిగింది. నీ చెయ్యి కదల్లేదు. నాకు కనబడింది అంతే."