అప్పడాల కర్ర ఆగిన చోటు

సామర్లకోట స్టేషన్లో టికెట్లిచ్చే వామనమూర్తికి నవలా రచయిత కావాలని మహా కోరికగా ఉండేది కానీ, తన రాతలో లోపముందన్న మాట మాత్రం చెవిన పడకూడదు. రాసింది తోటి ఉద్యోగులకు చదివి వినిపించి, "మొహమాటం లేకుండా చెప్పండి" అనేవాడు. మొహమాటం లేకుండా చెప్పినవాడితో మర్నాటి నుంచి మాటలుండేవి కావు. అద్భుతం అన్నవాడికి కాఫీ దొరికేది. అందువల్ల ఆ స్టేషన్లో సాహిత్యాభిమానులు బాగా పెరిగారు.

అతని నవల పేరు 'నాంచారి పడవ'. తండ్రి మంచాన పడితే గోదావరి మీద పడవ నడిపి ఇల్లు నిలబెట్టిన పిల్ల కథ అది. అందులో ఒక మాస్టారు కూడా ఉన్నాడు. ఆయన సందు దొరికితే చాలు, సత్యం గురించీ ధర్మం గురించీ ఉపన్యాసం ఎత్తుకునేవాడు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం వామనమూర్తి కొత్త అధ్యాయాన్ని అక్క భ్రమరాంబకు చదివి వినిపించేవాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. ఆమె పీట ముందు కూర్చుని అప్పడాలు ఒత్తుకుంటూ వినేది. ఒకసారి, "ఆ మాస్టారు కాస్త తక్కువ మాట్లాడితే బాగుంటుందేమోరా" అంది. ఆ పూట తమ్ముడు అన్నం మానేశాడు. అలిగితే అన్నం మానేయడం అతనికి చిన్నప్పటి అలవాటు. అప్పటి నుంచి ఏం చదివినా ఆమె "బాగుందిరా" అని ఊరుకునేది.

అయినా వామనమూర్తి ఆమె చేతుల్ని ఓరకంట గమనిస్తూనే ఉండేవాడు. మాస్టారి ఉపన్యాసం వచ్చినప్పుడల్లా అప్పడాల కర్ర చకచకా ఆడేది. చూస్తుండగానే చాప నిండిపోయేది. అక్కకి ఎంత హుషారొచ్చిందో అని మురిసిపోయి, అతను మరో ఉపన్యాసం చేర్చేవాడు.

నవల పూర్తయింది. రాజమండ్రిలో పుస్తకాలు వేసే రామశేషయ్య అనే పెద్దాయనకు ఇచ్చాడు. ఆయన చదివి, రమ్మని కబురు పెట్టాడు.

"మూర్తిగారూ, మీ నాంచారి మా ఇంట్లో అందరికీ నచ్చిందండి. కానీ వరదలో పడవ మునగబోతుంటే మీ మాస్టారు ఒడ్డున నిలబడి ధర్మం బోధిస్తాడేమిటండీ? ఆ ఉపన్యాసాలు తీసేసి తెండి. అచ్చు వేస్తాను" అన్నాడు.

"నా నవలకి ప్రాణమే అవండి" అన్నాడు వామనమూర్తి.

"కాదండి. ప్రాణం ఆ పిల్లలో ఉంది."

వామనమూర్తి మొహం మాడ్చుకుని, కాగితాల కట్ట చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. "ఇక ఈ జన్మకి రాయను" అంటూ అటకకి నిచ్చెన వేశాడు.

పీట ముందున్న భ్రమరాంబకు గుండె జారిపోయింది. పుస్తకం అట్ట మీద తమ్ముడి పేరు చూసుకోవాలని ఆమె ఎన్నేళ్లుగానో ఆశపడుతోంది. "పైన పెడితే పెడుదువు గాని, ఆ వరద అధ్యాయం ఒక్కసారి వినిపించరా నాయనా" అంది.

అక్క అడిగితే కాదనలేక నిచ్చెన మెట్టు మీదే కూర్చుని చదవసాగాడు. చాలాసేపు చదివి తలెత్తి చూశాడు. కర్ర ఆగిపోయి ఉంది. పీట పక్కన పిండి ఉండలు ఆరి బీటలు వారుతున్నాయి. అక్క కళ్లనిండా నీళ్లున్నాయి. అతను పేజీ తిప్పాడు. మాస్టారు ఒడ్డున నిలబడి గొంతు సవరించుకున్నాడు. భ్రమరాంబ చెంగుతో కళ్లు తుడుచుకుని, కర్ర అందుకుని చకచకా ఒత్తడం మొదలుపెట్టింది.

వామనమూర్తి చదవడం ఆపేశాడు.

"అక్కా, నిజం చెప్పు. మాస్టారు మాట్లాడుతుంటే నువ్వు వింటావా?"

"అన్నం మానేయనంటే చెబుతాను."

"మానేయను. చెప్పు."

"ఆయన మొదలెట్టగానే, రేపు కూరేం చేయాలా అని ఆలోచించుకుంటానురా. నాంచారి వచ్చిందంటే మాత్రం నా చేతులు ఆడవు. ఇదిగో, పిండంతా పాడైంది."

అతనికి సిగ్గేసింది. ఇన్నాళ్లూ అక్క నిజం దాచింది తన అలకకు భయపడే కదా అనుకున్నాడు. ఆ పూటే అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె కర్ర చకచకా ఆడిన చోటల్లా కొట్టేశాడు. ఒక్కో ఉపన్యాసం పోతుంటే ప్రాణం విలవిల్లాడింది. అయినా ఆపలేదు. మాస్టారు చివరికి రెండు మాటలు మాట్లాడే మంచి మనిషిగా మిగిలాడు.

రామశేషయ్య మాట తప్పలేదు. కొన్నాళ్లకి పుస్తకం అచ్చయి వచ్చింది. భ్రమరాంబ అట్ట మీద తమ్ముడి పేరు వేలితో తడిమి చూసుకుంది. తరవాత మొదటి పేజీ తీసింది. ఆ వారమంతా ఇంట్లో ఒక్క అప్పడం కూడా తయారవలేదు. అంతకు మించిన బిరుదు వామనమూర్తికి అక్కర్లేకపోయింది.

ఇప్పటికీ అతను కొత్తది రాస్తే అందరికీ వినిపిస్తాడు. ఎవరైనా అద్భుతం అంటే, "అది సరే, ఎక్కడ విసుగేసిందో చెప్పండి" అంటాడు. చెప్పినవాళ్లకే కాఫీ ఇప్పిస్తాడు.

లోపం చెబితే అలిగేవాడికి అతన్ని ప్రేమించేవాళ్లు కూడా నిజం చెప్పలేరు. ఓర్చుకుని వినేవాడే తన పనిలో పైకొస్తాడు.